ఒక్కరి పెంపకంలో పిల్లలు: లోటు ఎక్కడ?

తల్లి లేదా తండ్రి ఒక్కరే పెంచిన పిల్లలు చదువులోను, నడవడిలోను వెనుకబడతారన్న అభిప్రాయం సమాజంలో బలంగా ఉంది. దేశంలో 4.5 శాతం కుటుంబాలను, అంటే సుమారు 1 కోటి 30 లక్షల ఇళ్లను, ఒంటరి తల్లులే నడుపుతున్నారని ఐక్యరాజ్యసమితి మహిళా విభాగం 2019లో వెల్లడించింది. ఇంతమంది పిల్లలకు సంబంధించిన ఈ అభిప్రాయంలో నిజమెంత?

అమెరికా సామాజిక శాస్త్రవేత్తలు సారా మెక్‌లానహన్, గ్యారీ శాండెఫర్ 1994లో వెలువరించిన గ్రంథం ప్రకారం, ఇటువంటి పిల్లల్లో చదువు మధ్యలో మానేసేవారు ఎక్కువే. అయితే ఆ తేడాలో దాదాపు సగానికి ఆదాయం తగ్గడమే కారణమని వారు తేల్చారు. పిల్లలను గమనించుకునే తీరిక లేకపోవడం, తరచూ ఇల్లు మారవలసి రావడం మిగిలిన కారణాల్లో ముఖ్యమైనవి. కుటుంబ స్వరూపం కన్నా ఇంట్లోని అనుబంధమే పిల్లల మనోవికాసానికి కీలకమని కేంబ్రిడ్జ్ ఆచార్యురాలు సుసాన్ గోలంబాక్ పరిశోధనలు చూపాయి. అమ్మమ్మ, తాతయ్యలు ఊళ్లోనే ఉండిపోయిన ఢిల్లీ, నోయిడా, గురుగ్రామ్ వంటి చోట్ల ఈ తీరిక కొరత మరింత తీవ్రమవుతుంది.

మన దేశంలో దీనికి మరో భారం తోడైంది. అది దరఖాస్తుల్లోని ‘తండ్రి పేరు’ గడి. అవివాహిత తల్లి బిడ్డకు సంరక్షకురాలు కావడానికి తండ్రికి నోటీసు తప్పనిసరి కాదని, ఢిల్లీకి చెందిన కేసులో సుప్రీంకోర్టు 2015 జూలై 6న తీర్పు చెప్పింది. తల్లిదండ్రుల్లో ఒకరి పేరుతోనే పాస్‌పోర్టు పొందే వీలును కేంద్రం 2016 డిసెంబరులో కల్పించింది. 2018 డిసెంబరు 5 నుంచి, ఒంటరి తల్లి పిల్లలు పాన్ కార్డుకు తండ్రి పేరు ఇవ్వనవసరం లేదు. భర్త మరణించాక పునర్వివాహం చేసుకున్న ఒక తల్లి కేసు ఆంధ్రప్రదేశ్ నుంచి సుప్రీంకోర్టుకు చేరింది. బిడ్డ ఇంటిపేరును నిర్ణయించే హక్కు ఆమెదేనని 2022 జూలై 28న న్యాయస్థానం స్పష్టం చేసింది. పత్రాల్లో ‘సవతి తండ్రి’ అని రాయించడం బిడ్డ మానసిక ఆరోగ్యాన్ని, ఆత్మగౌరవాన్ని దెబ్బతీస్తుందని కూడా హెచ్చరించింది.

ఆర్థిక భారాన్ని తగ్గించేందుకు కేంద్రం ‘మిషన్ వాత్సల్య’ కింద, ఆదాయ పరిమితికి లోబడి, వితంతువులు, విడాకులు పొందినవారు, భర్త వదిలివేసిన తల్లుల పిల్లలకు నెలకు 4,000 రూపాయల సహాయం అందిస్తోంది. ఇందుకు జిల్లా బాలల పరిరక్షణ విభాగాన్ని సంప్రదించాలి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల్లో ఒంటరి తండ్రులకు సైతం శిశు సంరక్షణ సెలవు లభిస్తుంది.

ఆదాయం, తీరిక, గౌరవం: ఒంటరి పెంపకంలోని లోటు చాలావరకు ఈ మూడింటిలోనే ఉంది. బంధువులు, పాఠశాల, ప్రభుత్వం తలచుకుంటే పూడ్చగలిగిన లోటే ఇది.