వంటింటి దినుసులు: అగ్గువగా కొనుట, చెడకుండ దాచుట

హైదరాబాదు నుండి శ్రీశైలము పోవు రహదారిపై, కొండమీద బాబా షర్ఫుద్దీన్ దర్గా గల ఊరు పహాడీ షరీఫ్. 2008లో సమీపమున శంషాబాదు విమానాశ్రయము తెరచిన పిమ్మట ఈ ప్రాంతమున పొలములనేకము ప్లాట్లుగా మారినవి. నగరము ఊరి గడప వరకు వచ్చినది. దినుసుల టోకు వ్యాపారమునకు నిజాముల కాలము నుండి పేరొందిన బేగంబజారు ఇచ్చటికి దూరము కాదు. మిరపకాయల వ్యాపారము జరుగు మలక్‌పేట గంజి ఇంకను దగ్గర. అయినను కూలిపై బ్రతుకు ఇల్లాలు సాయంకాలము కిరాణా కొట్టు ముందు నిలిచి కారము ఒక పొట్లము, పసుపు ఒక పొట్లము, మసాలా ఒక పొట్లము కొని పోవలసి వచ్చుచున్నది. అంగడి దగ్గరనున్నను అగ్గువ ఆమెకు దక్కుట లేదు. ఇక అంగడికి దూరముగానున్న గ్రామముల సంగతి చెప్పనక్కరలేదు. ఈ విషయమున పంచాయతీ సభ్యులు చేయదగినది చాల కలదని మా అభిప్రాయము.

పొట్లము ధర, కిలో ధర

పది రూపాయల పొట్లములో 20 గ్రాముల పసుపు ఉన్నదనుకొందము. చూచుటకు పది రూపాయలే. లెక్క వేసినచో కిలో 500 రూపాయలు పడినది. సంచి విప్పి కొమ్ములు తూచి అమ్ము చోట ఆ కిలో ఎంతయో అడిగి పోల్చి చూడవలెను. కొనుగోలు ఎంత చిన్నదైన ధర అంత ప్రియము. అందుచేత చేతిలో డబ్బు తక్కువగా ఉన్నవారే వస్తువునకు ఎక్కువ వెల చెల్లించుచున్నారు. పొట్లముపై ముద్రించిన తూకమును, తేదీని చదివి కిలో ధర కట్టుట ఇంటిలోని బడిపిల్లలు కూడ చేయగల పని.

ఏది ఎప్పుడు కొనవలెను?

మన ప్రాంతమున మిరపకాయలు, పసుపు, చింతపండు మార్కెట్టుకు విరివిగా వచ్చు కాలము ఫిబ్రవరి నుండి ఏప్రిల్ వరకు. వరంగల్లు ఏనుమాముల, గుంటూరు మార్కెట్లకు మిర్చియు, నిజామాబాదు మార్కెట్టుకు పసుపును ఆ నెలలలోనే వచ్చును. గుజరాత్, రాజస్థాన్‌ల నుండి దిగుమతియగు జీలకర్ర కొత్త పంటయు ఇంచుమించు అప్పుడే వచ్చును. ఉగాది ముందు వెనుకల ఏడాది మిరపకాయలు, చింతపండు కొని ఇల్లు నింపుకొనుట మన పెద్దల వాడుక. ఆ వాడుకలో లెక్క యున్నది.

అయితే అన్నియు ఏడాదికి సరిపడ కొనరాదు. మిరపకాయలు, పసుపు కొమ్ములు, చింతపండు ఏడాదికి కొనవచ్చును. ధనియాలు, జీలకర్ర, ఆవాలు, మెంతులు మూడు నాలుగు నెలలకు చాలును. లవంగాలు, యాలకులు, దాల్చినచెక్క, షాజీరా కొద్దికొద్దిగానే తెచ్చుకొనవలెను. వాని విలువ అంతయు వాసనలోనే ఉన్నది, నిలువ ఉన్నకొలది అది పోవును. ఏ దినుసైనను పొడిగా గాక గింజగా, కాయగా, కొమ్ముగా కొనుట మేలు. కొత్తిమీర, పుదీనా, కరివేపాకు కొననే అక్కరలేదు. కడుగునీరు పారు చోట పెరటిలో ఒక మడి, ఒక చెట్టు ఉన్న చాలును.

నెలకు పావుకిలో కారము వాడు ఇంటికి ఏడాదికి 3 కిలోల కారము కావలెను. తొడిమలు, తాలు పోవును గనుక 4 కిలోల మిరపకాయలు కొనినచో సరిపోవును. నెలకు 50 గ్రాముల పసుపు వాడువారికి ఏడాదికి 600 గ్రాములు. ఈ లెక్క ముందుగా కాగితముపై వ్రాసికొనక అంగడికి పోవుట వలన కొన్ని ఎక్కువై పురుగుపట్టును, కొన్ని చాలక మరల పొట్లములే గతియగును.

ఒక్కసారి సొమ్ము ఎక్కడిది?

ఇది న్యాయమైన ప్రశ్న. దినకూలి వచ్చు ఇంటికి ఏడాది దినుసులకు ఒక్కసారి సొమ్ము పెట్టుట కష్టము. దీనికి రెండు ఉపాయములు కలవు. మొదటిది, మహిళా సంఘములో దసరా నుండి వారమునకు 50 రూపాయలు ప్రత్యేకముగా దాచుట. 24 వారములు గడచి ఉగాది వచ్చునప్పటికి 1,200 రూపాయలు చేతికి వచ్చును. రెండవది, కలిసి కొనుట. ఇరువది ఇండ్లవారు ఇంటికి 4 కిలోల చొప్పున 80 కిలోల మిరపకాయలు కావలెనని వ్రాసికొని పోయినచో వారు చిల్లర బేరగాండ్రు కారు, బస్తాల బేరగాండ్రు. బండికి 600 రూపాయలైనను ఇంటికి 30 రూపాయలే పడును. అందరికి నమ్మకమైన ఇద్దరు స్త్రీలు పోయి సరకు చూచి, రసీదు తీసికొని, ఊరిలో అందరి ఎదుట తూచి పంచవలెను. రసీదు లేని ఉమ్మడి కొనుగోలు రెండవ ఏడు సాగదు.

అగ్గువలో మోసము

మరీ అగ్గువకు వచ్చు పొడిని అనుమానించవలెను. పొడి చేసిన దినుసులను ప్యాకెట్టులో గాక విడిగా అమ్మరాదని 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలు చెప్పుచున్నవి. ఇంటిలో చేయదగిన పరీక్షలు కొన్ని కలవు. గాజు గ్లాసులోని నీటిపై కారము చల్లినచో, కృత్రిమపు రంగు ఉన్నప్పుడు ఎర్రని చారలు క్రిందికి దిగును. అడుగున చేరినది వ్రేళ్ళతో నలిపినప్పుడు గరగరలాడినచో ఇటుకపొడి ఉన్నదేమోయని అనుమానించవలెను. మిరియాలు నీట మునుగును. కలిపిన బొప్పాయి గింజలు తేలును. జీలకర్రను అరచేత నలిపినప్పుడు చేయి నల్లనైనచో అది రంగు పూసినది.

పసుపు విషయమున మరింత జాగ్రత్త అవసరము. కొమ్ములు మెరయుటకు కొన్నిచోట్ల సీసము గల పచ్చరంగు పూయుదురు. సీసము పిల్లల మెదడును చెరచును. బంగ్లాదేశమున 2019లో మార్కెట్టు పసుపు నమూనాలలో 47 శాతమున సీసము కనబడినది. అచ్చటి ప్రభుత్వము ప్రజలకు తెలియజెప్పి, తనిఖీ చేసి, దోషులకు జరిమానా వేయగా 2021 నాటికి అట్టి నమూనా ఒక్కటియు దొరకలేదు. రంగు మెరుపును చూచి మురియక, మట్టిరంగు కొమ్మునే ఎన్నుకొనుట మంచిది.

దాచుట

అగ్గువగా కొని చెడగొట్టుకొనినచో లాభము లేదు. దినుసులకు శత్రువులు నాలుగు: తేమ, వేడి, వెలుతురు, పురుగు. తేమ తగిలిన మిరపకాయలకు బూజు పట్టును. కొన్ని బూజుల నుండి అఫ్లటాక్సిన్ అను విషము పుట్టి కాలేయమునకు హాని చేయును. వండినను అది పూర్తిగా పోదు. కావున బూజుపట్టిన కాయలను దులిపి వాడరాదు, పారవేయవలెను.

మృగశిర కార్తె ప్రవేశించుటకు ముందు మిరపకాయలను, ధనియాలను బాగుగా ఎండబెట్టి, చల్లారిన పిమ్మట మూత బిగువైన డబ్బాలలో పోయవలెను. వేడిగా పోసినచో లోపల చెమ్మ పుట్టును. చింతపండును గింజ, ఈనె తీసి ఎండబెట్టి, ఉప్పుతో కలిపి జాడీలో అదిమి పెట్టవలెను; లోహపు పాత్ర పనికిరాదు, పులుపునకు అది తినబడును. కారమును ఒకేసారి గాక రెండు మూడు నెలలకొకసారి గిర్నిలో పట్టించుకొనుట మేలు. డబ్బాలను పొయ్యి పైనున్న అలమరలో గాక చల్లని చీకటి మూలన, నేలకు ఎత్తుగా పెట్టవలెను. ప్రతి డబ్బాపై కొన్న నెల వ్రాసి, పాతది ముందు, క్రొత్తది వెనుక ఉంచవలెను. తడి గరిట ముంచరాదు. నెలవాడకము చిన్న సీసాలలోనికి తీసికొని, పెద్ద డబ్బా తరచు తెరువకుండుట మంచిది.

పంచాయతీ చేయదగినది

వారపు సంతలో త్రాసులకు, రాళ్ళకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్నదా యని చూడవచ్చును. అనుమానమున్న సరకును ఆహార పరీక్షకు పంపు హక్కు 2006 నాటి ఆహార భద్రతా చట్టము ప్రకారము కొన్న ప్రతివానికి కలదు. రుసుము చెల్లించవలెను గాని, దోషము తేలినచో అది తిరిగి వచ్చును. మోసపోయినవారు వినియోగదారుల సహాయ సంఖ్య 1915కు ఫిర్యాదు చేయవచ్చును. ఈ మూడు సంగతులు పంచాయతీ కార్యాలయపు గోడపై వ్రాయించిన ఖర్చు స్వల్పము.

వానాకాలమునకు ముందు దినుసులు ఎండబెట్టుకొనుటకు శుభ్రమైన కళ్ళమును చూపుట, బడి ఆవరణలోను అంగన్వాడీలోను కరివేప మొక్కలు నాటించుట, దసరాకు ముందు గ్రామసభలో ఉమ్మడి కొనుగోలు మాట ఎత్తుట కూడ సభ్యుల చేతిలోని పనులే. మొదటి ఏడు పది ఇండ్లవారు కలిసినను చాలును. వారి డబ్బాలలోని కారము మరుసటి ఉగాది వరకు ఎర్రగా నిలిచినచో, రెండవ ఏడు తక్కినవారిని పిలువనక్కరలేదు. వారే వచ్చి పేరు వ్రాయించుకొందురు.