మీకు తెలుసా? హమూర్ ముందు ఆడ, తర్వాత మగ!

అబుదాబిలో ముసఫ్ఫా పక్కనున్న మహమ్మద్ బిన్ జాయెద్ సిటీ నుంచి సెలవు రోజున బోటు మాట్లాడుకుని వేటకెళ్లేవారు గట్టిగా కోరుకునే చేప హమూర్. ఒంటినిండా నారింజ చుక్కలు, పెద్ద నోరు. గాలం మింగగానే రాతిసందులోకి దూరిపోతుంది. ఇది ముందు ఆడచేపగా ఎదిగి గుడ్లు పెడుతుంది. పెద్దయ్యాక మగగా మారుతుంది! పెద్దవాటినే ఏరి పడితే మగవి తగ్గిపోతాయి, చిన్నవాటిని పడితే గుడ్లు పెట్టేవే మిగలవు. అందుకే 45 సెంటీమీటర్లకు తక్కువున్న హమూర్‌ను పట్టకూడదు. షారి, సాఫీ చేపలకైతే మార్చి 1 నుంచి ఏప్రిల్ 30 వరకు వేట, అమ్మకం రెండూ నిషేధం. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లు ఆగేదీ గుడ్ల కాలమనే. బోటెక్కేముందు లైసెన్సు తీసుకోండి. చిన్న చేప పడితే గాలం మెల్లగా తీసి నీళ్లలో వదిలేయండి.