తీగ చేరని ఊరికి తరంగమే దారి

2020వ సంవత్సరము మార్చి మాసమున దేశమందలి పాఠశాలలన్నియు ఒక్కసారిగా మూతపడినవి. కరోనా వ్యాధి భయమున ఉపాధ్యాయు లొకచోటను, విద్యార్థు లొకచోటను ఉండిపోయిరి. పాఠము ఫోనులోనికి ప్రవేశించెను. పట్టణమున మేడగదిలో కూర్చున్న బాలునకు ఆ పాఠము అనాయాసముగ అందెను. పల్లెలోని బాలుడు ఫోను చేతబట్టుకొని డాబా యెక్కెను. డాబా లేనివాడు చెట్టెక్కెను. మన్యమునందలివాడు కొండ యెక్కెను. సిగ్నలు దొరకిన చోటే తరగతిగది. ఇద్దరు బాలురకును తెలివి సమానమే కావచ్చును. వారికి తరంగము అందిన తీరు మాత్రము సమానము కాలేదు.

పాఠశాలలు మరల తెరువబడినవి. ఐనను ఆనాటి అవసరము తీరిపోలేదు. పరీక్షల హాల్‌టికెట్లు, ఫలితములు, విద్యార్థి వేతనములకు దరఖాస్తులు, కళాశాలలలో ప్రవేశములు, ఇవన్నియు నేడు ఇంటర్నెట్ ద్వారముననే జరుగుచున్నవి. ఉపాధ్యాయుల శిక్షణకును పాఠ్యసామగ్రికిని 2017లో నెలకొల్పబడిన దీక్షా వేదికయు దానిమీదనే ఆధారపడినది. పల్లెయందలి గృహమునకు ఈ సౌకర్యము విలాసమని యెంచు కాలము గడచిపోయినది.

ఇంటింటికిని గాజుతీగను, అనగా ఆప్టికల్ ఫైబరును, చేర్చుట ఉత్తమమార్గ మనుటలో సందేహము లేదు. వెండ్రుకవలె సన్ననైన ఆ తీగలో సమాచారము వెలుగురూపమున పరుగులిడును. ఈ ఉద్దేశముతోనే జాతీయ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్ పథకము 2011లో ఆమోదము పొంది, 2015లో భారత్‌నెట్ అను పేరు దాల్చెను. గ్రామపంచాయతీలకు ఫైబరు చేర్చుట దాని లక్ష్యము. ఆంధ్రప్రదేశ్‌లో ఫైబర్‌నెట్, తెలంగాణలో టీ-ఫైబర్ సంస్థలు ఇట్టి పనికే ఏర్పడినవి. కాని పంచాయతీ కార్యాలయమువరకు వచ్చిన తీగ ఊరిచివరి పేటకు చేరుటకును, అచ్చటినుండి వాగు దాటి గూడెమునకు చేరుటకును మరియొక ప్రయాణము కలదు. ఇండ్లు పలుచగ నున్నచోట ఆ వ్యయమును ఇంటికింతయని పంచినచో భారమగును. రోడ్డు త్రవ్వినప్పుడు తీగ తెగును. గాలివానకు స్తంభ మొరిగినను తెగును. అందుచేత తీగ రాని ఇంటికిని, వచ్చియు నిలువని ఇంటికిని ఆకాశమార్గమున వచ్చు సెల్యులర్ తరంగమే ఆధారమగుచున్నది.

సెల్ అనగా అర. ఈ పేరు వెనుక ఒక చక్కని ఊహ యున్నది. 1947లో అమెరికాయందలి బెల్ ప్రయోగశాలలలో డి.హెచ్. రింగ్ అను ఇంజనీరు దానిని కాగితముపై నుంచెను. ఒకే మహాస్తంభము నిలిపి పెద్దగొంతుకతో పలికించుటకు బదులు, భూభాగమును తేనెపట్టువలె చిన్నచిన్న అరలుగ విభజించి, అర కొక స్తంభము నిలిపినచో, దూరదూరపు అరలలో అవే తరంగములను మరల మరల వాడుకొనవచ్చును. ఈ ఊహ ప్రజలకు ఉపయోగపడుటకు మూడు దశాబ్దులు పట్టెను. 1979లో టోక్యో నగరమున సెల్యులర్ టెలిఫోను సేవ ఆరంభమయ్యెను. మన దేశమున 1995 జూలై 31వ తేదీన పశ్చిమ వంగ ముఖ్యమంత్రి జ్యోతి బసు కలకత్తానుండి, ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో మొదటి మొబైల్ సంభాషణ జరిపెను. అదే సంవత్సరము ఆగస్టు 15న సామాన్య ప్రజలకు ఇంటర్నెట్ అందుబాటులోనికి వచ్చెను. పక్షము దినముల ఎడముతో ఈ దేశమున అడుగిడిన ఈ రెండును క్రమముగ ఒకటైనవి. 2012లో 4జీ, 2022 అక్టోబరు 1న 5జీ సేవలు దేశమున మొదలైనవి.

ఇంటిలో ఈ సౌకర్యమును రెండు విధముల అమర్చుకొనవచ్చును. మొదటిది, చేతిలోని ఫోనునే హాట్‌స్పాట్‌గ చేసి కంప్యూటరునకు కలుపుట. తాత్కాలిక మైన పనికి ఇది చాలును. కాని ఫోను యజమాని పొలమునకు పోయిన ఇంటర్నెట్టును ఆయనవెంట పొలమునకు పోవును. రెండవది, సిమ్ కార్డుతో పనిచేయు రౌటరు అను చిన్నపెట్టెను ఇంటిలో స్థిరముగ నుంచుట. అది టవరునుండి వచ్చు తరంగమును గ్రహించి, వైఫై రూపమున ఇంటిలోని పరికరములన్నిటికిని పంచిపెట్టును. కొన్ని సంస్థలు 2023నుండి ఇంటిపైకప్పున గ్రాహకమును బిగించి 5జీ తరంగముతో ఇంటికి ఇంటర్నెట్ ఇచ్చు పద్ధతిని మన దేశమున ప్రవేశపెట్టినవి.

అయితే అన్ని తరంగములును ఒక్క స్వభావము కలవి కావు. విద్యార్థులు దీనిని చిన్నలెక్కతో గ్రహింపవచ్చును. తరంగవేగము సెకనుకు సుమారు మూడు లక్షల కిలోమీటర్లు. ఈ వేగమును పౌనఃపున్యముచేత భాగించిన తరంగదైర్ఘ్యము వచ్చును. 700 మెగాహెర్ట్జ్ తరంగము దైర్ఘ్యము సుమారు 43 సెంటీమీటర్లు. 2300 మెగాహెర్ట్జ్ తరంగమునకు 13. 3500 మెగాహెర్ట్జ్ తరంగమునకు తొమ్మిదికి లోపు. పొడవైన తరంగము దూరము పోవును, చెట్లను గోడలను కొంతవరకు దాటి వచ్చును. పొట్టి తరంగము తోపుల ఆకులయందును కాంక్రీటు గోడలయందును త్వరగా క్షీణించును. ఐనను పై పౌనఃపున్యములలో విశాలమైన జాగా దొరకును గనుక అవి యెక్కువ సమాచారమును మోయగలవు. ఒక మార్గమున ఎంత సమాచారము పోగలదనునది దాని వెడల్పుపైనను, సంకేతమునకును అందలి రొదకును గల నిష్పత్తిపైనను ఆధారపడునని 1948లో క్లాడ్ షానన్ గణితశాస్త్రరీత్యా నిరూపించెను. పల్లెకు దూరపు అందుబాటును వేగమును రెండును కావలెను. ఒకే తరంగము రెంటిని సమృద్ధిగ ఈయజాలదు. చిక్కంతయు నిచ్చటనే యున్నది.

మరియొక చిక్కు పంపకమునకు సంబంధించినది. గోదావరి, కృష్ణా డెల్టాల రైతులకు దీనిని విడమరచి చెప్పనక్కరలేదు. కాలువ తలదాపున నున్న చేనికి నీరు పుష్కలముగ పారును. శివారు భూములకు వచ్చుసరికి సన్నగిల్లును. టవరును అట్టిదే. అది ఈయగల సామర్థ్య మంతయు ఆ అరలోని వారందరికిని ఉమ్మడి సొత్తు. ఉదయమున వేగముగ నడచిన పాఠము, రాత్రి ఎనిమిది గంటలకు ఊరంతయు సినిమాలును ఆటలును చూచువేళ తడబడును. అంచున నున్న ఇంటికి సంకేతము బలహీనము గనుక అంతే సమాచారమునకు ఎక్కువ సమయము పట్టును. సంకేతము బలముగ కనబడియు వేగము మందగించినచో దోషము ఇంటి అమరికలో గాక ఈ ఉమ్మడి పంపకమునందే యుండవచ్చును. టవరునకు వెనుకనుండి వచ్చు మార్గము ఇరుకైనను ఫలిత మదియే.

ఇంటివారు చేయదగిన పనులు కొన్ని లేకపోలేదు. సిమ్ కొనుటకు ముందు ఆ ఇంటియందే, పగటివేళను రాత్రివేళను, వేరువేరు సంస్థల సిగ్నలును పరీక్షింపవలెను. పొరుగూరి అనుభవము ఈ ఊరికి ప్రమాణము కాదు. ఫోనుపై కనబడు గీతలను పూర్తిగ నమ్మరాదు. ఒక ఫోనులో మూడు గీతలు మరియొక ఫోనులో రెండు కావచ్చును. సంకేతబలమును డెసిబెల్ లెక్కలో చూచుట మేలు. 4జీ సంకేతము మైనస్ 80 ఉన్న బలమైనది. మైనస్ 110 ఉన్న బలహీనమైనది. ఈ 30 డెసిబెల్‌ల తేడా యనగా వేయిరెట్ల తేడా; పది డెసిబెల్‌లకు పదిరెట్లు చొప్పున పెరుగును. రేకుల కప్పు తరంగమును వెనుకకు త్రిప్పును. మందపు గోడ మింగివేయును. కనుక రౌటరును వంటింటి మూలనో ఇనుప బీరువా ప్రక్కనో గాక, టవరు దిక్కునకు తెరచియున్న కిటికీ యొద్ద, వీలైనంత యెత్తున నుంచవలెను. ఈ చిన్నమార్పునకు కాసు ఖర్చు లేదు.

దానితో చాలనిచో ఇంటిపైన యాంటెన్నా నిలుపవచ్చును. పూర్వము దూరదర్శనము కొఱకు ఇండ్లపై కానవచ్చిన పుల్లల యాంటెన్నా, 1926 ప్రాంతమున జపానులో షింతారో ఉదా, హిదెత్సుగు యాగి అను శాస్త్రజ్ఞులు రూపొందించిన దానికి సంతతియే. అది ఒకే దిక్కున చెవియొగ్గి వినును. కనుక టవరు దిక్కును సరిగా చూచి త్రిప్పవలెను. యాంటెన్నానుండి వచ్చు కేబులు పొడవైనకొలది సంకేతము నశించును. పిడుగుల కాలమున మిట్టపై నిలిచిన లోహపుకడ్డీ ప్రమాదకరము గనుక, నేలలోనికి ఎర్తింగు లేకుండ దానిని నిలుపరాదు. అనుమతి లేని సిగ్నల్ బూస్టరులను కొని పెట్టుట చట్టవిరుద్ధము. ఒక ఇంటికి మేలు చేయుననుకొన్న ఆ యంత్రము ఊరివారందరి సంభాషణలను చెరుపగలదు.

డేటా లెక్కయు తెలిసియుండవలెను. సాధారణమైన స్పష్టత గల వీడియో పాఠము గంటకు ఇంచుమించు 700 మెగాబైట్లు మ్రింగును. మిక్కిలి స్పష్టమైనది రెండు మూడు గిగాబైట్లు మ్రింగును. దినమునకు రెండు గిగాబైట్ల రీచార్జి గల ఇంటిలో ఇద్దరు పిల్లలున్న, వారి పాఠములకే అది సరిపోవును. పరిమితి దాటినపిదప వేగము సెకనుకు 64 కిలోబిట్లకు తగ్గు పథకములు పెక్కు కలవు. ఆ వేగమున పది మెగాబైట్ల పాఠ్యపత్రము దిగుటకు ఎంతసేపు పట్టునో తరగతిలో లెక్కింపవచ్చును: పది మెగాబైట్లు ఎనుబదివేల కిలోబిట్లు, అరువదినాలుగుచేత భాగించిన 1250 సెకనులు, అనగా సుమారు ఇరువదియొక్క నిమిషములు. అదే వేగమునకు సరిపోవునట్లు చేసిన గంటసేపటి శ్రవ్యపాఠమునకు ఇరువదితొమ్మిది మెగాబైట్లకు మించి పట్టదు. బోధించువారు ఈ లెక్క నెరిగి, ముఖము కనబడ నవసరములేని పాఠమును శబ్దరూపమున పంపినచో, ఎందరో పేదవిద్యార్థులకు దారి సుగమమగును.

తరంగ మున్నంతమాత్రమున తీగ అక్కరలేదనుకొనరాదు. విద్యుత్తు పోయి టవరు బ్యాటరీ అడుగంటిన ఊరంతయు మూగవోవును. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినప్పుడు, మహానగరమే టెలిఫోను సంబంధములు తెగి తల్లడిల్లెను. పైగా టవరునుండి ఫోనునకు వచ్చు చివరి అడుగు మాత్రమే ఆకాశమార్గము. దాని వెనుక పెక్కుచోట్ల గాజుతీగయే యున్నది. తీగ పల్లెకు దగ్గరైనకొలది తరంగమును బలపడును.

ఇంక తరంగమే చేరని ఊళ్లు. వానికొఱకు 2022 జూలైలో కేంద్రప్రభుత్వము 24,680 గ్రామములకు 4జీ సేవ నందించు పథకమునకు 26,316 కోట్ల రూపాయలతో ఆమోదము తెలిపెను. ఆ పెద్దసంఖ్యలోని ఒక్కొక్క అంకె వెనుక ఒక ఊరున్నది. ఆ ఊరిలో బడి కలదు. ఆ బడిలో పరీక్షాఫలితము తెలిసికొనుటకు బస్సెక్కి మండలకేంద్రమునకు పోవు పిల్ల కలదు.

అంతవరకు పాఠశాలయే ఆ ఊరికి ఉమ్మడి దీపము కాగలదు. మంచి యాంటెన్నాతో ఒక్క రౌటరు బడిలో నుండి, సాయంత్రము ఒక గంటసేపు అది విద్యార్థులకు అందుబాటులో నున్నచో, ఇంటివద్ద రీచార్జి చేయించుకొనలేని బిడ్డయు తన పాఠమును దింపుకొని పోగలడు. రద్దీలేని వేకువవేళ ఉపాధ్యాయుడు దింపియుంచిన పాఠము పగలంతయు సిగ్నలు లేకున్నను నడచును. పూర్వము ఊరిలో ఒక్క పత్రిక వచ్చెడిది. రచ్చబండపై ఒకరు చదువగా పదిమంది వినెడివారు. ఆ పంపకమును మరువని పల్లెలో ఏ బాలుడును పాఠము కొఱకు చెట్టెక్క నక్కరలేదు.