అందరూ 14.074 దగ్గరే ఎందుకు?

సాయంత్రం పూట రిగ్ డయల్ 14.074 మెగాహెర్ట్జ్ మీద పెట్టి, కంప్యూటర్లో ఎఫ్‌టీ8 అనే డిజిటల్ మోడ్ తెరవండి. బ్యాండ్ బాగుంటే పావు నిమిషం తిరిగేసరికి తెర మీద కాల్‌సైన్లు వరసగా దిగుతాయి. జపాన్, ఇండోనేషియా, రష్యా, ఇటలీ. ఇంకో పావు నిమిషానికి ఇంకో గుంపు. ఇప్పుడు డయల్‌ని 14.090కి తిప్పండి. తెర బోసిపోతుంది. 20 మీటర్ల బ్యాండ్ 14.000 నుంచి 14.350 దాకా, మొత్తం 350 కిలోహెర్ట్జ్. ఎఫ్‌టీ8 జనమంతా కూర్చున్నది అందులో 3 కిలోహెర్ట్జ్‌లో. నూటికి ఒక వంతు కూడా కాదు. ఇంత మైదానం పెట్టుకుని ఈ ఇరుకులో ఎందుకు కూర్చుంటారని కొత్తగా లైసెన్సు తెచ్చుకున్నవాళ్లు అడుగుతుంటారు. అడగాల్సిన ప్రశ్నే.

గొంతుతో మాట్లాడే బ్యాండ్లో డయల్ తిప్పుకుంటూ పోతే ఎక్కడో ఓ మాట చెవిన పడుతుంది, అక్కడ ఆగుతాం. ఎఫ్‌టీ8ని అలా వెతకలేం. అది పట్టుకోగల సిగ్నల్ సుమారు −21 డీబీ దాకా పోతుంది. మామూలు లెక్కలో చెప్పాలంటే, 2500 హెర్ట్జ్ వెడల్పులో వచ్చే రొద సిగ్నల్ కంటే దాదాపు 125 రెట్లు బలంగా ఉన్నా కాల్‌సైన్ బయటపడుతుంది. చెవికి తెలిసేది రొద ఒక్కటే. చెవికి ఆననిదాన్ని డయల్ తిప్పి దొరకబుచ్చుకోలేం కాబట్టి, పంపేవాళ్లూ వినేవాళ్లూ ముందే ఒక చోటు అనుకుని ఉండాలి. వేళ కూడా అనుకోవాలి. పల్లెల్లో సంత సంగతి చూడండి: ఏ వారమో, ఏ చెట్టు కిందో చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ తెలుసు గనకే అది నిండుతుంది. ఎఫ్‌టీ8కి వేళ నిమిషంలో 0, 15, 30, 45వ సెకను. చోటు 14.074.

125 రెట్ల రొదలోంచి మాట ఎలా బయటపడుతుంది? అంతా వెడల్పు లెక్క. ఎఫ్‌టీ8 సిగ్నల్ వెడల్పు 50 హెర్ట్జ్. 2500ను 50తో భాగిస్తే 50. అంటే ఆ సన్నని దారిలోకి వచ్చే రొద యాభయ్యో వంతే. అందులో మళ్లీ 6.25 హెర్ట్జ్ ఎడంతో ఎనిమిది స్వరాలుంటాయి. ఒక్కో స్వరం వెడల్పు వరకే చూస్తే రొద నాలుగు వందలో వంతుకు దిగిపోతుంది, అప్పుడు సిగ్నలే రొద కంటే మూడు రెట్లు పైన నిలబడుతుంది. దీనికి చెల్లించే ధర సమయం. 12.64 సెకన్లలో 79 స్వరాలు పంపితే చేరే సమాచారం 77 బిట్లు: రెండు కాల్‌సైన్లు, ఒక రిపోర్టో, ఉన్న చోటు చెప్పే గ్రిడ్డో. హైదరాబాద్ నుంచైతే ఆ గ్రిడ్ ఎంకే97, విశాఖ నుంచైతే ఎన్‌కే17. ఆరు విడతలు, తొంభై సెకన్లు, ఒక పూర్తి పలకరింపు.

2017లో దీన్ని తయారుచేసినవాళ్లు స్టీవ్ ఫ్రాంక్, జో టేలర్. ఎఫ్‌టీ అన్న అక్షరాలు వాళ్ల ఇంటిపేర్లవే. జోడు పల్సర్‌ని కనిపెట్టినందుకు రసెల్ హల్స్‌తో కలిసి 1993లో ఫిజిక్స్ నోబెల్ అందుకున్న టేలర్ ఈయనే. ఆకాశంలోంచి వచ్చే అతి పలచని రేడియో చప్పుడును రొదలోంచి ఏరడం ఆయన బతుకంతా చేసిన పని; హ్యామ్‌లకు దక్కింది ఆ నేర్పే.

ఇక ఆ 14.074 పక్కన ఎవరెవరున్నారో చూస్తే, ఒక అంకెను ఎంచుకోవడం ఎంత చిక్కో తెలుస్తుంది. 14.070లో పీఎస్‌కే31. 14.076లో పాత జేటీ65. 14.078లో జేటీ9, జేఎస్8. 14.080లో ఎఫ్‌టీ4. 14.0956లో విస్పర్. సరిగ్గా 14.100లో అంతర్జాతీయ బీకన్లు: పద్దెనిమిది స్టేషన్లు తలా పది సెకన్ల చొప్పున వంతులు వేసుకుని మూడు నిమిషాలకో చుట్టు తిరిగేలా ఏర్పాటు చేసిన వలయం. అందులో మనకు దగ్గరది శ్రీలంక స్టేషన్. కాల్‌సైన్ పంపాక నాలుగు గీతలు పంపుతారు, 100, 10, 1, 0.1 వాట్లతో. ఎన్నో గీత దాకా వినిపించిందో చూస్తే దారి ఎంత తెరిచి ఉందో అర్థమవుతుంది. అక్కడ ఇంకెవరు కూర్చున్నా ఆ కొలత పోతుంది. ఖాళీగా కనిపించే చోటల్లా ఖాళీ కాదు.

40 మీటర్లలో చిక్కు మరీ ఎక్కువ. అక్కడి అంకె 7.074. అమెరికాలో గొంతు సంభాషణలు సాధారణంగా 7.125 పైనే గనక వాళ్లకు ఆ చుట్టుపక్కల మాటల బెడద తక్కువ. ఆ బ్యాండ్ వాళ్లకు 7.300 దాకా ఉంటే, మనమున్న మూడో రీజియన్లో 7.200తో సరి. అందుకే మాటలు కిందికి జరిగి ఎఫ్‌టీ8 మీద పడతాయి. పైగా 40 మీటర్లలో గొంతుకు లోయర్ సైడ్‌బ్యాండ్, ఎఫ్‌టీ8కి ఏ బ్యాండ్లోనైనా అప్పర్ సైడ్‌బ్యాండే. 7.077 మీద కూర్చుని మాట్లాడే మనిషి మాట కిందికి 7.0743 దాకా పాకుతుంది, 7.074 మీద కూర్చున్న ఎఫ్‌టీ8 పైకి 7.077 దాకా పాకుతుంది. డయల్ మీద అంకెలు వేరు, నేల ఒకటే. ఇద్దరూ తప్పు చేయలేదు, ఇద్దరికీ చెవులు గింగురుమంటాయి. ఆ మాట్లాడే మిత్రులు 7.080కి జరిగితే గొడవ తీరిపోతుంది. అడిగితే జరిగేవాళ్లే ఎక్కువ.

చోటు దొరికాక ఆ 3 కిలోహెర్ట్జ్ లోపల ఎక్కడ నిలబడాలన్నది ఇంకో లెక్క. 3000ను 50తో భాగిస్తే అరవై. పదిహేను సెకన్ల వేళల్లో సరి వంతు, బేసి వంతు వేరు గనక నూటఇరవై. కాగితం మీద ఇది చాలా ఎక్కువ; ఎవరి సిగ్నల్ ఎవరి మీదా పడకపోతేనే.

దీని విలువ నాకు మొదటి నెలల్లోనే తెలిసింది. 600 హెర్ట్జ్ దగ్గర ఖాళీ చూసుకుని పిలుస్తున్నాను. పవర్ ఇంకాస్త రావాలని కంప్యూటర్ ఆడియో పెంచాను. కాసేపటికి ఊళ్లోని పెద్దాయన, పాత హ్యామ్, ఫోన్ చేశారు. "ఏమయ్యా, నువ్వు మూడు చోట్ల కనబడుతున్నావు" అన్నారు. 600లో, 1200లో, 1800లో. ఆడియో మితిమీరి హార్మోనిక్స్ పుట్టాయి, అవి కూడా ట్రాన్స్‌మిటర్ ఫిల్టర్ లోపలే ఉండి బయటికి పోయాయి. నా ఒక్కడి వల్ల ఇద్దరు కూర్చోవాల్సిన చోటు పాడైంది. అదే 1500 పైన ఉంటే రెండో హార్మోనిక్ 3000 దాటుతుంది, చాలా రిగ్గుల్లో ఫిల్టరే దాన్ని చాలావరకు ఆపేస్తుంది. సాఫ్ట్‌వేర్లో స్ప్లిట్ పెట్టుకుంటే డయల్‌ని తానే జరిపి ఆడియోను ఎప్పుడూ 1500, 2000 మధ్య ఉంచుతుంది. ఏఎల్‌సీ సూది కదలనంత వరకే ఆడియో. ఆ రోజు నుంచి నేను ఇది తప్పలేదు.

ఇంకొకటి. మనం పంపే వంతులో మనకు ఏమీ వినబడదు. అందుకే మన చోట్లోకి ఇంకొకరు వచ్చి కూర్చున్నా తెలియదు. అయిదారు పిలుపులకోసారి ఒక వంతు మౌనంగా ఉండి వాటర్‌ఫాల్ చూడాలి. ఎవరైనా సీక్యూ పిలిస్తే వాళ్ల గీత మీదే ఎక్కి జవాబివ్వకూడదు. నలుగురు అలా ఎక్కితే నలుగురూ చెడిపోతారు. మన ఖాళీలోంచే పిలవాలి, వాళ్ల సాఫ్ట్‌వేర్ 3 కిలోహెర్ట్జ్‌నూ ఒకేసారి చదువుతోంది.

అరుదైన దీవికి ఎవరైనా వెళ్లి పిలిస్తే ఈ మర్యాదలేవీ చాలవు. అందుకే 2018లో వచ్చిన ఫాక్స్-హౌండ్ పద్ధతిని మామూలు ఎఫ్‌టీ8 ఫ్రీక్వెన్సీల మీద వాడకూడదన్నారు. అందులో దీవిలోని స్టేషన్ ఒకేసారి అయిదు సిగ్నళ్లు, 60 హెర్ట్జ్ ఎడంతో, 300 నుంచి 900 లోపల పంపగలదు. పిలిచేవాళ్లు 1000కి పైన నిలబడాలి. వందలమంది వచ్చే జాతరను రోజువారీ సంతలో పెట్టలేం.

ఈ అంకెల్లో ఏదీ లైసెన్సు మీద ఉండదు. లైసెన్సు ఇచ్చేది బ్యాండ్, పవర్. 14.074 ఉన్నది సాఫ్ట్‌వేర్ వెంట వచ్చే పట్టికలో. దాన్ని మార్చుకునేవాళ్లు తక్కువ, అందుకే ఆ పట్టిక రాసినవాళ్ల చేతిలో బ్యాండ్ ప్లాన్ కంటే ఎక్కువ బలం ఉందని నా అభిప్రాయం. కొత్త మోడ్ తెచ్చేవాళ్లు ముందు మూడు రీజియన్ల బ్యాండ్ ప్లాన్లు పక్కపక్కన పరిచి, మన 40 మీటర్ల మాటలెక్కడున్నాయో కూడా చూసి అంకె వేయాలి. పట్టికలోకి ఎక్కాక దాన్ని దింపడం ఎవరి తరమూ కాదు.

14.074 మరీ కిక్కిరిసిన సాయంత్రాల్లో నేను 18.100కి పోతాను, చీకటి పడ్డాక 10.136కి. ఆ రెండూ అదే పట్టికలో, కిందా పైనా ఒక్కో వరసలో ఉన్నాయి.