సేఫ్టీ వాల్వు దేన్ని ఆపుతుంది, దేన్ని ఆపలేదు?

వంటింటి సిలిండర్‌లో ఎక్కువ భాగం ఉండేది ద్రవమే. ఒత్తిడికి లోబడి ద్రవరూపం పొందిన ప్రొపేన్, బ్యూటేన్‌ల మిశ్రమం అది. బయటపడితే ఆ ద్రవం దాదాపు 250 రెట్ల ఆవిరిగా విస్తరిస్తుంది. గాలికన్నా బరువైన ఆ ఆవిరి నేలబారున పాకుతూ పోతుంది. అందుకే ఎల్‌పీజీ నిల్వ ఉన్నచోట రకరకాల వాల్వులు పెడతారు. ఒక్కోదాని పని ఒక్కోటి.

సిలిండర్ మూతి దగ్గరి వాల్వులో ఒక పిన్ను, దాని వెనక స్ప్రింగు ఉంటాయి. రెగ్యులేటర్ అమర్చి నాబ్ తిప్పితేనే పిన్ను లోపలికి నొక్కుకుని దారి ఇస్తుంది. రెగ్యులేటర్ తీసేస్తే స్ప్రింగు దారి మూసేస్తుంది.

పెద్ద ట్యాంకులు, ట్యాంకర్ల పైపుల్లో ఉండేది ఎక్సెస్ ఫ్లో వాల్వు. మామూలు ప్రవాహంలో స్ప్రింగు దాన్ని తెరిచి ఉంచుతుంది. హోస్ పైపు తెగి ద్రవం ఒక్కసారిగా దూసుకొస్తే, ఈదురుగాలికి తలుపు దభాలున మూసుకున్నట్టు, ఆ వేగమే వాల్వు పళ్లేన్ని నెట్టి దారి మూసేస్తుంది. కరెంటు అక్కర్లేదు, మనిషి అక్కర్లేదు. కానీ లీకు దానికి నిర్ణయించిన హద్దుకు లోపే ఉంటే అది కదలదు. పైపుకు చిన్న పగులు వచ్చి గంటలకొద్దీ కారినా, దాని లెక్కలో అది మామూలు ప్రవాహమే.

మూడోది రిలీఫ్ వాల్వు. ట్యాంకులో ఒత్తిడి పరిమితి దాటితే తెరుచుకుని ఆవిరిని బయటికి వదులుతుంది, తగ్గగానే మూసుకుంటుంది. దాని హద్దు ఏమిటో 1966 జనవరి 4న ఫ్రాన్స్‌లో లియాన్ దగ్గరి ఫేజాన్ రిఫైనరీలో తెలిసింది.

అక్కడ ప్రొపేన్ నిల్వచేసే గోళాకార ట్యాంకు అడుగున చేరిన నీటిని కార్మికులు తీస్తున్నారు. కింద ఒకదాని తర్వాత ఒకటిగా ఉన్న రెండు వాల్వులను తెరిచే క్రమం తప్పింది. దారిలో గడ్డకట్టిన అడ్డు ఒక్కసారిగా వీడి, ప్రొపేన్ ఎగజిమ్మింది. పై వాల్వు హ్యాండిల్ ఊడిపోయింది, కింది వాల్వు బిగుసుకుపోయింది. ఆవిరిమబ్బు పక్కనున్న రోడ్డు దాకా పాకి, అక్కడి కారు దగ్గర అంటుకుంది. మంట గోళాన్ని చుట్టుముట్టింది. రిలీఫ్ వాల్వు తెరుచుకుంది కూడా. అయినా సుమారు గంటన్నరకు గోళం పేలిపోయింది. 18 మంది చనిపోయారు.

వాల్వు తన పని తాను చేసింది. అయితే గోళంలో ద్రవం ఉన్నంత మేర ఉక్కు వేడిని ఆ ద్రవం లాగేసుకుంటుంది. పైన ఆవిరి మాత్రమే ఉన్నచోట ఆ ఆసరా లేదు. మంట తగిలి అక్కడి ఉక్కు మెత్తబడితే, ఒత్తిడి మామూలుగానే ఉన్నా చీలిపోతుంది. అందుకే తర్వాతి కాలంలో గోళాలపై నీటిని చల్లే ఏర్పాట్లు, దూరం నుంచే మూసివేయగల అత్యవసర వాల్వులు, కారిన ద్రవం ట్యాంకు కింద నిలవకుండా వాలుగా కట్టిన నేల వంటివాటికి ప్రాధాన్యం పెరిగింది.

ఇళ్లలో ఈ వాల్వులు పట్టించుకోని లీకులు చాలావరకు రబ్బరు పైపు దగ్గరో, వాల్వు లోపలి ఓరింగు దగ్గరో మొదలవుతాయి. వాటిని ముక్కు పసిగట్టేందుకే వాసన లేని ఎల్‌పీజీకి మెర్‌కాప్టాన్ కలుపుతారు. ఆ ఘాటు తగిలితే పొయ్యి ఆర్పి, రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు, కిటికీలు తెరవాలి. కరెంటు స్విచ్చులు వేయకూడదు, ఆపకూడదు. ఇంటి బయటికొచ్చాక ఎల్‌పీజీ అత్యవసర నంబరు 1906కు ఫోన్ చేయాలి.