ఫరో పేరు, చెక్కిన ఉలి

పోయాక తనను ఎవరూ తలుచుకోరేమోనన్న దిగులు బెండర్ అనే రోబోను పట్టుకుంటుంది. అమెరికా యానిమేషన్ ధారావాహిక ‘ఫ్యూచురామా’లో 2002 మార్చి 10న ప్రసారమైన ‘ఎ ఫారో టు రిమెంబర్’ కథకు మూలం ఆ దిగులే. గ్రహాల మధ్య సరుకులు చేరవేసే కంపెనీలో పనిచేసే బెండర్, ఫ్రై, లీలా ఒక పెద్ద రాతిబండను ఒసైరిస్ 4 అనే గ్రహానికి తీసుకెళ్లి అక్కడే బానిసలుగా చిక్కుకుంటారు. తన కోసం కట్టిస్తున్న స్మారకం పూర్తయిన వెంటనే అక్కడి ఫరో చనిపోతాడు. తర్వాతి రాజెవరో చెప్పే రాతి చెక్కడాన్ని బెండర్ గుట్టుగా మార్చేసి తానే గద్దెనెక్కుతాడు. ఆకాశమంత విగ్రహం కట్టించుకుంటాడు, అదీ చాలదంటాడు. విసిగిపోయిన పూజారులు అతణ్ని సమాధిలో పెట్టి మూసేస్తారు. నవ్వించడానికి రాసిన కథే అయినా, ఈజిప్టు రాజుల మనసును ఇంత సూటిగా పట్టుకున్న కాల్పనిక కథలు అరుదని నా నమ్మకం.

ఆ పట్టు కనిపించేది విగ్రహం ఎత్తులో కాదు, చెక్కడాన్ని మార్చిన ఆ ఉలిలో. పేరు నిలిచినంత కాలం మనిషి పరలోకంలో బతికే ఉంటాడని ఈజిప్షియన్ల విశ్వాసం. అందుకే పేరు చెరపడమంటే వాళ్ల దృష్టిలో రెండోసారి చంపడమే. రాణి హత్‌షెప్‌సుత్ మరణించాక దేర్ ఎల్ బహరీలోని ఆమె ఆలయ గోడల మీద ఆమె పేరును, బొమ్మలను చెక్కేశారు. రెండవ రామ్‌సెస్ తనకు ముందు పాలించిన రాజుల విగ్రహాల మీద తన పేరు వేయించుకున్నాడు. అబిడోస్‌లో మొదటి సేతి చెక్కించిన రాజుల పట్టికలో 76 పేర్లుంటే, వాటిలో హత్‌షెప్‌సుత్, అఖెనాటెన్, టుటన్‌ఖమూన్ లేరు. గోడ మీద రాతను తనకు అనుకూలంగా దిద్దుకున్న బెండర్ నిజంగా ఫరోలు నడిచిన దారిలోనే నడిచాడు. అయితే ఉలికి కూడా పూర్తి అధికారం లేదు. పట్టికలో చోటు దక్కని టుటన్‌ఖమూన్ సమాధిని 1922లో హోవార్డ్ కార్టర్ బృందం కనుగొన్నాక, ఫరో అనగానే లోకానికి గుర్తొచ్చే పేరు ఆయనదే అయింది. గిజాలో దాదాపు 146 మీటర్ల పిరమిడ్ కట్టించిన ఖుఫుకు, కచ్చితంగా ఆయనదేనని చెప్పగలిగే పూర్తి విగ్రహం ఒక్కటే మిగిలింది. దాని ఎత్తు 7.5 సెంటీమీటర్లు!

ఇందులో మెచ్చుకోవలసింది ఇంకొకటుంది. ఎరిక్ వాన్ డానికెన్ 1968లో రాసిన పుస్తకం తర్వాత, పిరమిడ్లు గ్రహాంతరవాసుల పనే అన్న ప్రచారం ఊపందుకుంది. ఈ కథ దాన్ని తలకిందులు చేసింది. ఒసైరిస్ 4 వాసులే భూమికి వచ్చి, పిరమిడ్లు కట్టడం ఈజిప్షియన్ల దగ్గర నేర్చుకున్నారట. మనుషుల చేతి పనికి దక్కాల్సిన గౌరవం ఒక హాస్య కథలో దక్కింది.

కానీ ఆ పని చేసిన మనుషులను కొరడా దెబ్బలు తినే బానిసలుగా చూపారే అని అడగవచ్చు. అడగాల్సిందే. అది హాలీవుడ్ నుంచి అరువు తెచ్చుకున్న దృశ్యం, తవ్వకాల్లో దొరికిన ఆధారాలు అలా చెప్పవు. గిజాలో పనివాళ్ల ఊరు, రొట్టెలు కాల్చిన వంటశాలలు, పశువుల ఎముకలు బయటపడ్డాయి. పిరమిడ్ల చేరువలోనే వాళ్ల సమాధులున్నాయి. బానిసలకు రాజు పక్కన అలాంటి చోటు ఇచ్చేవారా? అందరూ ఇష్టపడే వచ్చారని కాదు. రాజ్యం పిలిస్తే కొంతకాలం చాకిరీ చేసి తీరాల్సిన పద్ధతి అప్పట్లో ఉంది. హాస్యంలో చరిత్ర వెతకడమెందుకని కొందరనవచ్చు. చాలామందికి ఈజిప్టు తెలిసేది పాఠ్యపుస్తకం కంటే ఇలాంటి బొమ్మల వల్లే గనుక, వెతకక తప్పదు.

పైగా ఈ పొరపాటు కథ అసలు విషయానికే తగులుతుంది. ఎవరి పేరు మిగులుతుందన్నదే ప్రశ్న అయినప్పుడు, బండలు మోసినవాళ్లకు పేర్లే లేకపోవడం లోటే. 2013లో ఎర్రసముద్ర తీరాన వాదీ అల్ జర్ఫ్‌లో పియేర్ తాలే బృందానికి పపైరస్ చుట్టలు దొరికాయి. ఖుఫు కాలంలో తురా గనుల సున్నపురాయిని పడవల్లో గిజాకు చేరవేసిన ఒక బృందం రోజువారీ పని వాటిలో రాసి ఉంది. ఆ బృందాన్ని నడిపిన ఉద్యోగి పేరు మెరర్. ఎదిగిన పిల్లలతో ఈ ఎపిసోడ్ చూసేవారు, కొరడా దృశ్యం వచ్చినప్పుడు మెరర్ సంగతి కూడా వాళ్లకు చెప్పండి.