మార్చిన మోకాలికి పైన ఎముక విరిగితే?

మోకాలి కీలు అరిగిపోయిన పెద్దవాళ్ళకు కృత్రిమ కీలు అమరుస్తారని మీరు వినే ఉంటారు. తొడ ఎముక కింది కొసకు లోహపు తొడుగు వేస్తారు. ఇది తరచుగా కోబాల్టు, క్రోమియం కలిసిన మిశ్రమలోహం. కాలి ఎముక పై కొసకు లోహపు పళ్ళెం బిగించి, రెంటి నడుమ నునుపైన పాలిథీన్ పలక ఉంచుతారు.

కొన్నేళ్ళ తరవాత ఆ మనిషి స్నానాల గదిలో జారిపడితే? సాధారణంగా లోహం విరగదు. దానికి కాస్త పైన తొడ ఎముక విరుగుతుంది. అక్కడే ఎందుకు?

ఒక చిన్న ప్రయోగం చేయండి. చీపురుపుల్లను సగం వరకు సైకిలు చువ్వకు దారంతో గట్టిగా చుట్టి, రెండో కొసను వంచండి. చువ్వ ముగిసినచోటే పుల్ల విరుగుతుంది. ఆ లోహాన్ని వంచడం ఎముకను వంచడం కంటె సుమారు 10 రెట్లు కష్టం. కాబట్టి రెండూ కలిసేచోట ఒత్తిడి పోగవుతుంది. పైగా వయసుతో ఎముకలు గుల్లబారుతాయి.

పూర్వం కాలికి బరువు కట్టి, వారాల తరబడి మంచంమీద పడుకోబెట్టేవారు. దానివల్ల పడకపుళ్ళు, న్యుమోనియా, సిరల్లో రక్తపు గడ్డలు వచ్చేవి. ముసలివారికి ఇవి ప్రాణాంతకం. అందుకే ఇప్పుడు ఎక్కువమందికి శస్త్రచికిత్స చేసి త్వరగా లేపుతారు.

డాక్టరు ముందుగా చూసేది ఒక్కటే: కృత్రిమ కీలు ఎముకను పట్టుకునే ఉందా, వదులయిందా? 1997లో లూయిస్, రోరాబెక్ అనే వైద్యులు ఈ గాయాలను 3 రకాలుగా విభజించారు. మొదటి రకంలో ముక్కలు చెదరవు, కీలు గట్టిగా ఉంటుంది. రెండో రకంలో ముక్కలు చెదురుతాయి, కీలు మాత్రం గట్టిగానే ఉంటుంది. మూడో రకంలో కీలే వదులవుతుంది.

కీలు గట్టిగా ఉంటే రెండు మార్గాలున్నాయి. మొదటిది, తొడకు బయటి వైపు ప్లేటు బిగించడం. గుల్ల ఎముకలో మామూలు స్క్రూ చెదపట్టిన కర్రలో మేకులా ఊడిపోతుంది. అందుకని ఈ స్క్రూల తలలకు కూడా మరలుంటాయి; అవి ప్లేటు రంధ్రాలలోనే బిగుసుకుంటాయి. రెండోది, బోలుగా ఉన్న ఎముకలోకి లోహపు కడ్డీ దించడం. జర్మనీలో గెర్హార్డ్ కుంట్షర్ 1939లో తొడ ఎముకలోకి తుంటివైపునుంచి ఇలాంటి కడ్డీ దించాడు. ఇక్కడ మోకాలివైపునుంచి దించుతారు. అయితే లోహపు తొడుగు నడుమ సందు ఉంటేనే కడ్డీ దూరుతుంది. కొన్ని నమూనాలలో ఆ సందు మూసి ఉంటుంది. అందుకే పాత ఆపరేషను కాగితాలు పారేయకూడదు!

కీలు వదులయితే దాన్ని తీసి, పొడవైన కాడ ఉన్న కొత్తది అమరుస్తారు. ఎముక కొస నుగ్గయితే ఆ కొసనే లోహంతో చేసి పెడతారు.

ప్లేటుగాని, కడ్డీగాని ఎముకను అతకవు. కదలకుండా పట్టి ఉంచుతాయి, అంతే. అతుక్కునే పని ఎముకదే. దానికి నెలలు పడుతుంది. అసలు విరగకుండా చూడడం ఇంకా మేలు. మీ ఇంట్లో మోకాలు మార్పించుకున్న అమ్మమ్మో తాతయ్యో ఉంటే, స్నానాల గదిలో నేల తడిలేకుండా తుడవండి. రాత్రి దారిలో ఒక దీపం ఉంచండి.